ఊపిరి చిరునామా

ఉద్దేశం

నివసించే చోటి గాలి ఎంత కలుషితమైందో తెలుసుకొనే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం. వాయు నాణ్యతా సూచికను చదివి, దానికి తగినట్లుగా ఆరోగ్యాన్ని కాపాడుకొనే అలవాట్లను కలిగించడం. స్వచ్ఛమైన గాలి ప్రతి పౌరుని హక్కు అన్న స్పృహను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అన్నంలో రాయి తగిలితే మనిషి దానిని ఏరి పక్కన పెడతాడు. నీటిలో నలక కనిపిస్తే వడగట్టుకొని తాగుతాడు. గాలి విషయంలో మాత్రం అతనికి ఆ అవకాశం లేదు. అందులో ఏముందో చూడకుండానే, నిద్రలో సైతం పీలుస్తూనే ఉంటాడు. పెద్ద వయసు మనిషి ఒక రోజులో పీల్చే గాలి సుమారు 10,000 లీటర్లు. ప్రాణాధారమైన ఈ గాలి శుభ్రంగా ఉన్నదో లేదో కంటితో చూసి చెప్పడం చాలా సందర్భాలలో సాధ్యం కాదు. అందుకే శాస్త్రజ్ఞులు దానికొక కొలమానాన్ని ఏర్పరచారు. ఆ కొలమానాన్ని చదవడం నేర్చినవాడికి, ఏ వేళ ఎక్కడ ఊపిరి పీల్చాలో నిర్ణయించుకొనే శక్తి కొంతవరకైనా లభిస్తుంది.

జనవరి మాసంలో విశాఖపట్నం వంటి నగరంలో తెల్లవారుజామున ఐదు గంటలకు జాతీయ రహదారి వెంట వెళ్ళేవారికి ఒక దృశ్యం కనిపిస్తుంది. పోలీసు, సైనిక ఉద్యోగాల ఎంపికకై సిద్ధమయ్యే యువతీ యువకులు రహదారి అంచున బారులు తీరి పరుగెత్తుతుంటారు. వారిలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులు కూడా ఉంటారు. తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదని పెద్దలు చెప్పిన మాటను నమ్మి వారు ఆ వేళను ఎంచుకొంటారు. చెట్లు తప్ప వాహనాలు లేని పల్లెలో ఆ మాట చాలావరకు నిజమే. చలికాలంలో, లారీలు సాగే రహదారి పక్కన మాత్రం ఆ మాట తలకిందులవుతుంది. ఆరోగ్యం కోసం చేసే పరుగే ఆరోగ్యానికి కీడు చేసే పరిస్థితి అక్కడ ఏర్పడుతుంది. దీనికి కారణం తెలియాలంటే ముందుగా ఆ ఊరి నైసర్గిక స్వరూపం తెలియాలి.

కొండల నడుమ ఊరు

విశాఖపట్నానికి ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు ఉన్నాయి. దక్షిణాన యారాడ కొండ ఉంది. తూర్పున సముద్రం. ఈ కొండల నడుమ పల్లంలో పాత నగరం, ఓడరేవు, పరిశ్రమలు విస్తరించాయి. ఓడరేవు 1933లో ప్రారంభమైంది. చమురు శుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. నగరానికి నైరుతి దిక్కున వెలసిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. వీటి వలన వేలాది కుటుంబాలకు జీవనోపాధి దొరికింది. వాటితోపాటే బొగ్గు ధూళి, ఖనిజపు ధూళి, పొగగొట్టాల నుండి వెలువడే వాయువులు, సరకు లారీల పొగ కూడా వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 పారిశ్రామిక ప్రాంతాలను అత్యంత కలుషిత ప్రాంతాలుగా గుర్తించినపుడు ఆ జాబితాలో విశాఖపట్నం, హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు–బొల్లారం కూడా చేరాయి.

పగటిపూట ఎండకు నేల వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తూ, తనతోపాటు పొగను, ధూళిని ఎత్తుకు తీసుకొనిపోయి చెదరగొడుతుంది. మధ్యాహ్నానికి సముద్ర పవనాలు వీచి నగరపు గాలిని కదిలిస్తాయి. చలికాలపు రాత్రి ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. మబ్బులు లేని ఆకాశం కింద నేల త్వరగా చల్లబడుతుంది. నేలను అంటిన గాలి చల్లగాను, దాని పై పొర వెచ్చగాను ఉంటుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కుండపై మూకుడు ఆవిరిని బయటికి పోనీయనట్లు, ఈ వెచ్చని పొర కింది గాలిని పైకి లేవనీయదు. చుట్టూ కొండలు ఉన్నచోట ఆ గాలి పక్కలకు కూడా సులభంగా కదలదు. రాత్రంతా వెలువడిన పొగ, ధూళి నేలకు దగ్గరగానే పేరుకొని ఉంటాయి. సూర్యోదయం తరువాత నేల వేడెక్కేవరకు ఈ స్థితి మారదు. తెల్లవారుజామున రహదారి అంచున పరుగెత్తే విద్యార్థి పీల్చేది ఆ గాలినే.

నిశ్చలంగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు ఆరు నుండి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. వేగంగా పరుగెత్తేటపుడు అది 50 లీటర్లు దాటుతుంది. పైగా అలసట వలన నోటితో పీల్చడం మొదలవుతుంది. ముక్కులోని వెంట్రుకలు, జిగురు చేసే వడపోత అప్పుడు తప్పిపోతుంది.

గాలిలోని ధూళి – దేహంలోని దారి

గాలిని కలుషితం చేసే పదార్థాలలో అన్నిటికంటె ఎక్కువగా గమనించవలసినవి సూక్ష్మ ధూళికణాలు. పది మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గల కణాలను పి.ఎం. 10 అని, రెండున్నర మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గల కణాలను పి.ఎం. 2.5 అని వ్యవహరిస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 50 నుండి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే పి.ఎం. 2.5 కణం వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందమైనా ఉండదన్నమాట.

రోడ్డుమీద లేచే మట్టి, కట్టడాల వద్ద ఎగిరే సిమెంటు ధూళి ఎక్కువగా పెద్ద కణాలు. వీటిలో చాలా భాగం ముక్కులోను, గొంతులోను చిక్కుకొని తుమ్ము, దగ్గు రూపంలో బయటికి పోతుంది. డీజిలు పొగ, బొగ్గు పొగ, చెత్త తగలబెట్టిన పొగ మొదలైన వాటిలోని సన్నని కణాలు శ్వాసనాళికలను దాటి వాయుగోణుల వరకు చేరుతాయి. వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలో కూడా కలుస్తాయి. కనుకనే వాయుకాలుష్యం ఉబ్బసానికి, దీర్ఘకాలపు శ్వాసకోశ వ్యాధులకు మాత్రమే పరిమితం కాదు. గుండెపోటుకు, పక్షవాతానికి కూడా కారణమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో ఆరుబయటి వాయుకాలుష్యాన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

ఈ విషయం కౌమార వయస్కులకు మరింత ముఖ్యం. ఎత్తు పెరగడం ఆగిన తరువాత కూడా కొంతకాలం ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదల యౌవనారంభంలో పూర్తవుతుంది. అప్పటికి ఎంత సామర్థ్యం సమకూరితే జీవితాంతం అదే మూలధనం. పెరిగే వయసులో కలుషితమైన గాలిని పీల్చినవారికి ఆ మూలధనం తగ్గుతుంది. పదహారు, పదిహేడేండ్ల విద్యార్థికి గాలిని గురించిన జ్ఞానం పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు.

సూచికను చదివే తీరు

సామాన్యులకు అర్థమయ్యే విధంగా గాలి స్థితిని ఒకే అంకెతో, ఒకే రంగుతో తెలిపే జాతీయ వాయు నాణ్యతా సూచికను భారత ప్రభుత్వం 2015 ఏప్రిల్‌లో ప్రారంభించింది. పి.ఎం. 10, పి.ఎం. 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం అనే ఎనిమిది కాలుష్య కారకాలను ఇది పరిగణిస్తుంది. సూచికలోని ఆరు స్థాయులు ఇవి:

0 – 50 : మంచి గాలి. దీనివలన హాని అత్యల్పం.
51 – 100 : సంతృప్తికరం. సున్నితమైన దేహం గలవారికి కొద్దిపాటి ఇబ్బంది కలుగవచ్చు.
101 – 200 : ఒక మోస్తరు కాలుష్యం. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి, పిల్లలకు, వృద్ధులకు శ్వాస ఇబ్బంది కలుగవచ్చు.
201 – 300 : బాగులేని గాలి. ఎక్కువసేపు ఆరుబయట ఉంటే చాలామందికి ఇబ్బంది కలుగుతుంది.
301 – 400 : చాలా బాగులేని గాలి. ఎక్కువ కాలం పీలిస్తే శ్వాసకోశ వ్యాధులు వస్తాయి.
401 – 500 : తీవ్ర కాలుష్యం. ఆరోగ్యవంతులకు సైతం హాని కలుగుతుంది.

ఒక్కొక్క కారకానికి వేరువేరుగా ఉపసూచికను లెక్కిస్తారు. వాటిలో అన్నిటికంటె పెద్దది ఏదో, అదే ఆనాటి సూచిక అవుతుంది. ఉదాహరణకు ఒక రోజున పి.ఎం. 2.5 ఉపసూచిక 150, పి.ఎం. 10 ఉపసూచిక 120, మిగిలినవన్నీ 50 కంటె తక్కువ అనుకొంటే ఆనాటి సూచిక 150. వీటి సగటు కట్టరు. ఇంటర్మీడియట్ పరీక్షలో మిగిలిన అన్ని విషయాలలో తొంభై మార్కులు వచ్చినా ఒక్క విషయంలో తప్పితే విద్యార్థి ఉత్తీర్ణుడు కాడు కదా! గాలి పరీక్షకు కూడా అదే నియమం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించే 'సమీర్' అనే మొబైల్ యాప్‌లో వివిధ నగరాల సూచికను చూడవచ్చు. కొన్ని ఇతర యాప్‌లు అదే వేళ, అదే ఊరికి వేరే అంకెను చూపడం చాలామందిని తికమక పెడుతుంది. ఆ రెండు అంకెలలో ఒకటి అబద్ధమని భావించనవసరం లేదు. కొలబద్దలు వేరు కావడమే దానికి కారణం. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పి.ఎం. 2.5 ఉంటే భారతీయ సూచిక ప్రకారం అది 100, అంటే సంతృప్తికరం. అమెరికా సూచిక ప్రకారం అదే గాలి 150 దాటి, ఆరోగ్యానికి మంచిది కాని స్థాయికి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 24 గంటల పరిమితి 15 మైక్రోగ్రాములు మాత్రమే. 'సంతృప్తికరం' అన్న మాటను 'పూర్తిగా నిరపాయం' అని అర్థం చేసుకోరాదని దీనివలన తెలుస్తుంది.

అంకె చెప్పని సంగతులు

సూచిక ఎంత ఉపయోగకరమైనదైనా దానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది కాలానికి సంబంధించినది. ధూళికణాల సూచికను గడచిన 24 గంటల సగటును బట్టి లెక్కిస్తారు. తెల్లవారుజామున హెచ్చిన కాలుష్యం, మధ్యాహ్నం సముద్రపు గాలికి తగ్గిన కాలుష్యం ఆ సగటులో కలిసిపోతాయి. అంకె 110 అని ఉన్నంత మాత్రాన ఉదయం ఆరు గంటలకు కూడా గాలి అంతే ఉన్నదని చెప్పలేము.

రెండవది స్థలానికి సంబంధించినది. పరికరం ఒకచోట ఉంటుంది. మనుషులు నగరమంతటా ఉంటారు. పెద్ద రహదారి అంచున ఉండే వాహనాల పొగ కొన్ని వందల మీటర్లు లోపలికి వెళ్ళేసరికి బాగా పలుచబడుతుంది. బొగ్గు గుట్టల పక్క వీధికి, కొండ అవతలి కాలనీకి ఒకే అంకె వర్తించదు. ఒక నగరానికి ఒక గాలి అనుకోవడం పొరపాటు. ప్రతి ఊపిరికీ ఒక చిరునామా, ఒక వేళ ఉంటాయి.

అందుచేత అంకెతోపాటు పరిసరాలను కూడా చదవాలి. ఉదయం తుడిచిన గచ్చుపై సాయంత్రానికి నల్లని పొర ఏర్పడుతున్నదా? చెట్ల ఆకులు ధూళితో కప్పి ఉన్నాయా? రోజూ కనిపించే కొండ మసకబారిందా? మంచు వలన కూడా కొండ మసకబారవచ్చు కనుక ఎండ వచ్చిన తరువాత మరొకసారి చూడాలి. ఇటువంటి గుర్తులు యాప్‌లో లేని విషయాన్ని తెలుపుతాయి.

ఇంటిలోని గాలి

కాలుష్యం వీధిలోనే ఉంటుందని, తలుపు మూస్తే ఇల్లు సురక్షితమని చాలామంది భావిస్తారు. కట్టెల పొయ్యి ఉన్న వంటింటిలో పొగ రహదారి పొగ కంటె అనేక రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ పొగను రోజూ పీల్చేది వంట చేసే తల్లి, ఆమె చంకలోని బిడ్డ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం ఎన్నో పేద కుటుంబాలకు వంటగ్యాసును అందించాయి. ఐనా సిలిండరు ఖర్చుకు వెనుదీసి నీళ్ళు కాచడానికి, పప్పు ఉడికించడానికి కట్టెలు వాడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

దోమల చుట్ట మరొక ఉదాహరణ. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుండి 137 సిగరెట్లు కాలిస్తే వెలువడేంత ఉంటుందని 2003లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. తలుపులు బిగించి, చుట్ట వెలిగించి పడుకొనే బదులు దోమతెర కట్టుకోవడం మేలు.

పాటించవలసిన జాగ్రత్తలు

సూచిక 100 దాటిన రోజులలో ఉబ్బసం ఉన్న విద్యార్థులు శ్రమతో కూడిన ఆటలను తగ్గించుకోవాలి. వైద్యుడు సూచించిన ఇన్‌హేలరును వెంట ఉంచుకోవాలి. 200 దాటితే అందరూ ఆరుబయటి వ్యాయామాన్ని తగ్గించాలి. 300 దాటితే వ్యాయామాన్ని ఇంటిలోనే చేయడం మంచిది.

వ్యాయామాన్ని మానవలసిన అవసరం లేదు. వేళను, చోటును మార్చుకొంటే చాలు. చలికాలంలో ఎండ వచ్చి గాలి కదలిన తరువాత, రహదారికి దూరంగా కళాశాల మైదానంలోనో, సముద్రతీరంలోనో పరుగెత్తాలి. నడిచి వెళ్ళేవారు ప్రధాన రహదారిని వదలి, వీలున్నంతవరకు లోపలి వీధిని ఎంచుకోవాలి.

చేతిరుమాలు, బట్ట మాస్కు పెద్ద ధూళిని కొంత ఆపుతాయి కాని సన్నని కణాలను సరిగా ఆపలేవు. ఎన్ 95 మాస్కు 0.3 మైక్రాన్ల కణాలను సైతం కనీసం 95 శాతం ఆపుతుంది. ఐతే అది ముఖానికి సందు లేకుండా అమరినపుడే ఆ ఫలితం దక్కుతుంది. ఇంటిలో పొడి చీపురుతో దుమ్ము లేపడం కంటె తడిగుడ్డతో తుడవడం మంచిది. పెద్ద రహదారి పక్కన ఉన్న ఇంటివారు వాహనాల రద్దీ వేళ కిటికీలు మూసి, గాలి వీచే మధ్యాహ్నం తెరవాలి.

ఒక్కరి పని కాదు

మాస్కు కొనలేనివారు, రోడ్డు పక్కనే బండి పెట్టుకొని బ్రతికేవారు, కూడలిలో నిలబడి విధులు నిర్వర్తించే ట్రాఫిక్ పోలీసులు పై జాగ్రత్తలలో ఎన్నిటిని పాటించగలరు? వారికి రక్షణ కలగాలంటే గాలే బాగుపడాలి.

గాలి బాగుపడుతుందనడానికి ఇతర దేశాల అనుభవాలు సాక్ష్యం. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని బొగ్గు పొగతో కూడిన మంచు ఐదు రోజులు కమ్మివేసింది. అప్పటి లెక్కల ప్రకారమే సుమారు 4,000 మంది మరణించారు. ఆ విషాదం తరువాత బ్రిటన్ 1956లో స్వచ్ఛ వాయు చట్టాన్ని చేసింది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పదకొండు నుండి పదిహేనేండ్ల వయసు పిల్లలను పరిశోధకులు అనేక సంవత్సరాలు పరీక్షించారు. కాలుష్యం తగ్గిన కాలంలో పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు, అంతకు ముందు తరం పిల్లలవాటికంటె మెరుగుగా పెరిగాయని 2015లో వెల్లడించారు.

మన దేశంలో వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. కాలుష్యం లేని నీటిని, గాలిని అనుభవించడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో పేర్కొన్నది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలు, హైదరాబాదు, నల్గొండ వంటి నగరాలు ఉన్నాయి. వీధిలో ప్లాస్టిక్ చెత్తను తగలబెడుతుంటే పురపాలక సంఘానికి, పరిశ్రమ నుండి అదుపు లేని పొగ వస్తుంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయడం పౌరుల హక్కు, బాధ్యత కూడా.

హక్కును అడిగేవారు తమ వంతు పొగను కూడా తగ్గించుకోవాలి. కూడలిలో ఎరుపు దీపం వెలిగినపుడు మోటారు సైకిలు ఇంజను ఆపడం, భోగిమంటలలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేయకపోవడం ఎవరైనా చేయగలిగినవే. భోగి పండుగ వచ్చేది కూడా గాలి కదలని చలికాలపు తెల్లవారుజామునే. ఆవుపిడకలైనా, కట్టెలైనా పొగ పొగే. మంట చిన్నదైతే పొగ తగ్గుతుంది, పండుగ తగ్గదు.

రేపటి తెల్లవారుజామున కూడా ఆ రహదారి వెంట విద్యార్థులు పరుగుకు బయలుదేరుతారు. వారిలో ఒక్కరు ముందురోజు సూచికను చూసి, గాలి కదలిక గమనించి, తోటివారిని రహదారి నుండి మైదానానికి మళ్ళించగలిగితే, ఈ చదువుకు ప్రయోజనం కలిగినట్లే.

పదాలు – అర్థాలు

నైసర్గిక స్వరూపం : ప్రకృతి సిద్ధమైన ఆకృతి
ఉష్ణోగ్రతా విలోమం : కింద చల్లని గాలి, పైన వెచ్చని గాలి ఉండే స్థితి
మూకుడు : కుండపై మూత
వాయుగోణులు : ఊపిరితిత్తులలోని అతి చిన్న గాలి తిత్తులు
కౌమార వయస్కులు : బాల్యానికి, యౌవనానికి నడుమ వయసు గలవారు
నిరపాయం : అపాయం లేనిది
గచ్చు : సున్నం లేదా సిమెంటుతో చదును చేసిన నేల

వ్యాకరణాంశాలు

ప్రాణాధారం = ప్రాణ + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
వాయుకాలుష్యం – వాయువు యొక్క కాలుష్యం – షష్ఠీ తత్పురుష సమాసం
ఐదు రోజులు – ఐదైన రోజులు – ద్విగు సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విశాఖపట్నంలో చలికాలపు తెల్లవారుజామున గాలి ఎందుకు కలుషితమై ఉంటుందో వివరించండి.
2. వాయు నాణ్యతా సూచికను చదివే తీరును, దాని పరిమితులను చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పి.ఎం. 2.5 కణాలు పెద్ద ధూళికణాల కంటె ఎందుకు ప్రమాదకరం?
2. ఇంటిలోని గాలి కలుషితం కావడానికి కారణాలు ఏవి?
3. 'ప్రతి ఊపిరికీ ఒక చిరునామా, ఒక వేళ ఉంటాయి' – సందర్భాన్ని తెలిపి వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జాతీయ వాయు నాణ్యతా సూచిక ఎప్పుడు ప్రారంభమైంది?
2. జీవించే హక్కును తెలిపే రాజ్యాంగ అధికరణం ఏది?
3. ఎన్ 95 మాస్కు పూర్తి ఫలితం ఎప్పుడు ఇస్తుంది?

IV. ప్రాజెక్టు పని
మీ ఊరికి దగ్గరలోని కేంద్రం నమోదు చేసిన వాయు నాణ్యతా సూచికను వారం రోజులపాటు రాసి ఉంచండి. ప్రతిరోజూ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మీ వీధిలో కనిపించిన పొగ, ధూళి గుర్తులను దాని పక్కన నమోదు చేయండి. ఆ రెండింటిని పోల్చి, మీరు గ్రహించిన విషయాలను తరగతిలో చదవండి.